కలకత్తా హర్గిలాలు

హర్గిలా కొంగ జాతుల్లో అతి పెద్దవాటిలో ఒకటి. నిలబడితే దాదాపు ఐదడుగుల ఎత్తు, రెక్కలు చాపితే ఎనిమిది అడుగుల వెడల్పు. బోడితల, మెడ కింద వేలాడే తిత్తి, బలమైన ముక్కు దాని గుర్తులు. ఎముకలు మింగే పక్షి అని పేరుకు అర్థం. సైనికాధికారిలా బిగుసుకుని అడుగులు వేస్తుందని ఇంగ్లీషువారు దాన్ని అడ్జుటెంట్ అన్నారు.

19వ శతాబ్దపు కలకత్తాలో ఈ పక్షి తెలియని ఇల్లు లేదు. 1803లో పూర్తయిన గవర్నమెంట్ హౌస్ కప్పు మీద అవి బారులు తీరి నిలబడేవి. వీధుల్లో పడేసిన మాంసపు తునకలు, చచ్చిన జంతువులు వాటి ఆహారం. మురుగు కాలువలు సరిగా లేని ఆ నగరాన్ని రాబందులతో కలిసి అవే శుభ్రం చేసేవి. అందుకే హర్గిలాను చంపినవారికి 50 రూపాయల జరిమానా ఉండేది. నగరపాలక సంస్థ పాత చిహ్నంలోనూ ముక్కున పాములు కరచుకున్న రెండు హర్గిలాలు కనిపిస్తాయి.

వాటి రాకపోకల వరస మాత్రం వేరు. ఉత్తరాది నుంచి వచ్చే బాతులు చలికాలంలో బెంగాల్ చెరువుల్లో దిగి, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్తాయి. హర్గిలాలు ఎండాకాలంలో వచ్చి, వానలన్నాళ్లూ ఉండి, చలి మొదలయ్యేసరికి కనుమరుగయ్యేవి. ఎక్కడికి వెళ్లేవో చాలాకాలం తెలియలేదు. 1877లో బర్మాలోని పెగూ ప్రాంతంలో, సిట్టాంగ్ నది దగ్గర ష్వెజిన్ వద్ద బ్రహ్మాండమైన గూళ్ల స్థావరం బయటపడింది. భారతదేశంలో కనిపించే హర్గిలాలు అక్కడే పిల్లల్ని పెంచుతాయని అప్పటివారు భావించారు. వానలు వెనకపట్టాక నీళ్లు ఇంకిపోయే మడుగుల్లో చేపలు సులువుగా చిక్కుతాయి. పిల్లలకు మేత దొరికే కాలం అదే. కలకత్తా చూసింది ఆ పక్షి జీవితంలో సగమే.

ఆ జీవితం రెండు వైపులా తెగిపోయింది. 1859 తర్వాత కలకత్తాలో భూగర్భ మురుగు కాలువల పని సాగింది. వీధులు శుభ్రపడే కొద్దీ హర్గిలాకు నగరంలో మేత కరవైంది. తోక కింది మెత్తని ఈకలు అంతకుముందు నుంచే కుమార్‌ఖాలి పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యేవి. బర్మాలోని స్థావరం కూడా క్షీణిస్తూ 1930ల నాటికి పూర్తిగా అంతరించింది.

ఇప్పుడు హర్గిలాలు ప్రధానంగా అస్సాంలో, బీహార్‌లోని భాగల్‌పూర్ పరిసరాల్లో, కంబోడియాలో మిగిలాయి. అస్సాం పల్లెల్లో పెరటి కదంబాల మీద కట్టిన గూళ్లను మహిళలే కాపాడుతున్నారు. వలస పక్షి బతకాలంటే మేత దొరికే చోటూ గూడు కట్టే చోటూ రెండూ నిలవాలి. కలకత్తాకు వేసవి అతిథి దూరమైంది ఆ రెండూ పోవడం వల్లే.