ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఉత్తరాంధ్ర గృహాలంకరణ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918కి, రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైన 1939కి మధ్య శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఇళ్ళలో కనిపించిన లోపలి అమరిక, సామగ్రి, అలంకరణ రీతులను ఉత్తరాంధ్ర గృహాలంకరణగా ఈ వ్యాసంలో వివరించడమైనది. ఇదే కాలంలో ఐరోపాలో ఆర్ట్ డెకో శైలి వ్యాపించింది. 1925 నాటి పారిస్ ప్రదర్శన నుండి దానికి ఆ పేరు వచ్చింది. 1930లలో బొంబాయి మెరైన్ డ్రైవ్ భవనాలు ఆ శైలిలో వెలిశాయి. ఉత్తరాంధ్రలో మాత్రం ఇంటి రూపును నిర్ణయించినవి స్థానికంగా దొరికే మట్టి, తాటాకు, బర్మా నుండి వచ్చిన టేకు, అక్కడికి వలస వెళ్ళినవారి సంపాదన.

== నేపథ్యం ==

అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం, గంజాం జిల్లాలలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు శ్రీకాకుళం పరిసరాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి.

బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిషు ఇండియాలో భాగంగా ఉండేది. ఈ తీరం నుండి వేలాది మంది రేవు పనులకు, బియ్యం మిల్లులకు రంగూన్ వెళ్ళేవారు. రంగూన్‌ను ఇక్కడివారు "రంగం" అని పిలిచేవారు. అక్కడ తెలుగు కూలీలకు "కోరంగీలు" అని పేరు. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో వీరు తీవ్రంగా నష్టపోయారు.

== చుట్టిల్లు ==

తీరప్రాంతంలో పేదల, సన్నకారు రైతుల ఇల్లు చుట్టిల్లు. ఇది గుండ్రని మందపాటి మట్టి గోడ మీద శంఖువు ఆకారంలో తాటాకు కప్పు వేసిన ఇల్లు. గోడకు మూలలు లేకపోవడం వలన, చూరు నేలకు దగ్గరగా దిగడం వలన తుఫాను గాలులు పక్కలకు జారిపోతాయి. ఇంటి లోపల సామగ్రి తక్కువ. వస్తువులు పెట్టుకోవడానికి గోడలో గూళ్ళు, పైన అటక ఉండేవి. నేలను పేడతో అలికి ముగ్గు వేసేవారు. గోడలకు సున్నం, అడుగు భాగాన జేగురు పట్టీ సాధారణ అలంకరణ.

== పెంకుటిల్లు ==

స్థితిమంతుల ఇళ్ళలో వీధి అరుగు, సావిడి, నడవ, వంటిల్లు, పెరడు వరుసగా ఉండేవి. నాటు పెంకుల స్థానంలో క్రమంగా మంగుళూరు పెంకులు వచ్చాయి. వీటినే వాడుకలో బెంగుళూరు పెంకులు అంటారు. బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో ఈ పెంకుల కర్మాగారాన్ని ప్రారంభించారు.

ద్వారబంధాలు, దూలాలు, స్తంభాలకు బర్మా టేకు వాడటం హోదాకు గుర్తు. సావిడిలో పడక కుర్చీ, ఉయ్యాల బల్ల, గోడకు చిలక్కొయ్యలు, లోపలి గదిలో పందిరి మంచం, భోషాణం ఉండేవి. 1894లో మొదలైన రవివర్మ ముద్రణాలయం వంటి సంస్థల రంగుల అచ్చు చిత్రాలు దేవుడి పటాలుగా గోడలకెక్కాయి. బుడితి కంచు, ఇత్తడి పాత్రలు వంటింటికి అలంకారం. వెలుతురుకు కిరోసిన్ బుడ్డి, హరికేన్ లాంతరు వాడేవారు.

== జమీందారీ భవనాలు ==

విజయనగరం, బొబ్బిలి సంస్థానాలలో పాశ్చాత్య పద్ధతులు ముందుగా ప్రవేశించాయి. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1932 నుండి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా పనిచేశారు. విజయనగరం మహారాజకుమార్ 1936లో ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించారు. ఇటువంటి కుటుంబాల ఇళ్ళలో నేల మీద కూర్చునే పద్ధతితో పాటు సోఫాలు, భోజనపు బల్లలు, నిలువుటద్దాలు, గాజు దీపాలు చోటు చేసుకున్నాయి.

== సవర ఇళ్ళు ==

సీతంపేట పరిసరాల మన్యంలో సవరలు ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు గీసేవారు. ఈ చిత్రాలకు ఎడిసింగ్ అని పేరు. ఇవి కేవలం అలంకారం కావు. పితృదేవతలను ఇంట్లోకి ఆహ్వానించడానికి, పంట బాగుండాలని వేసేవి. 1940లలో సవరల జీవితాన్ని పరిశీలించిన వెరియర్ ఎల్విన్ వారి చిత్రాలలో మనుషులు, జంతువులతో పాటు రైళ్ళు, విమానాలు కూడా ఉన్నట్లు నమోదు చేశారు.

== అంతం ==

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942లో లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. అనేకులు అడవుల గుండా కాలినడకన వచ్చి దారిలోనే మరణించారు. దానితో టేకు దిగుమతి, వలస సంపాదన రెండూ నిలిచిపోయాయి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ భవనాలకు ఆదాయం పోయింది. సిమెంటు కప్పులు, విద్యుత్తు తరువాతి దశాబ్దాలలో పల్లెలకు చేరాయి.

== ప్రస్తుత స్థితి ==

చుట్టిళ్ళు నేడు అరుదుగా కనిపిస్తాయి. తాటాకు కప్పును తరచుగా మార్చవలసి రావడం, నిప్పు భయం, పక్కా ఇళ్ళ పథకాలు ఇందుకు ముఖ్య కారణాలు. పెంకుటిళ్ళను కూల్చినపుడు టేకు తలుపులు, స్తంభాలు విడిగా అమ్ముడవుతున్నాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు ఈ తీరాన్ని దెబ్బతీశాయి. కప్పు ఎగిరిపోయినా అదే ఊరి తాటాకుతో తిరిగి వేసుకోగల ఇంటి నిర్మాణ జ్ఞానం, దానిని కట్టగల పనివారితో పాటే తగ్గిపోతున్నది.