ల్యాప్‌టాప్ స్లో అయిందా? కొత్తది కొనేముందు దుమ్ము దులపండి.. తక్కువ ఖర్చు టూల్స్ ఇవే!

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి.. ఐటీ కారిడార్‌లో ఎటు చూసినా కొత్త టవర్ల పనులే. ఆ దుమ్మంతా ఇళ్లలోకి, అక్కడి నుంచి కంప్యూటర్ ఫ్యాన్లలోకి చేరుతోంది. హీట్‌సింక్ సందులు మూసుకుపోతే వేడి బయటకు పోదు. దీంతో ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది.

ఏది కొనాలి?

పెయింట్ బ్రష్: హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటిది చాలు. గాలి రంధ్రాలు, ఫ్యాన్ రెక్కలకు సరిపోతుంది.

రబ్బర్ బ్లోయర్: కెమెరా లెన్సులకు వాడేదే. కీబోర్డు, పోర్టులకు బెటర్.

ఎయిర్ క్యాన్: పని సులువే కానీ, అయిపోతే మళ్లీ కొనాల్సిందే. తలకిందులుగా పట్టుకుంటే చల్లటి ద్రవం బోర్డుపై పడుతుంది.

ఎలక్ట్రిక్ బ్లోయర్: డెస్క్‌టాప్ ఉన్నవారికి ఇదే మేలు. రూమ్‌మేట్స్ కలిసి కొంటే ఖర్చు తగ్గుతుంది. అడుగు దూరం నుంచే గాలి కొట్టాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సామాన్లకు పేరున్న చోటు. నాలుగు షాపుల్లో రేటు అడిగి కొనడం మంచిది.

ఈ తప్పులు చేయొద్దు

సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీశాకే పని మొదలుపెట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపాలి. లేదంటే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. నోటితో ఊదితే తడి చేరుతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో స్టాటిక్ కరెంట్ ముప్పు ఉంటుంది. వారంటీ ఉంటే విప్పేముందు నిబంధనలు చూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అస్సలు విప్పొద్దు.. ఐటీ టీమ్‌కే ఇవ్వాలి.