బరువు దించిన నీళ్లు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. పక్కనే పైన్ మౌంటెన్ అనే కొండ. ఆ కొండమీద కురిసిన వాన నేలపొరల్లోకి వెయ్యి మీటర్లకు పైగా దిగి, అడుగున వేడెక్కి, మళ్లీ ఊటగా పైకి వస్తుంది. ఏ కాలంలో చూసినా ఆ నీళ్ల వేడి 31 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. వణికించేంత చల్లగా ఉండవు, నీరసం తెప్పించేంత వేడిగానూ ఉండవు. ఒకప్పుడు డబ్బున్న కుటుంబాలు వేసవి విడిదికి వచ్చిన ఊరది. 1920ల నాటికి ఆ వైభవం పోయింది. హోటలు పాతబడింది, కాటేజీలు శిథిలమయ్యాయి. 1924 అక్టోబరులో అలాంటి ఊళ్లో రైలు దిగారు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్.

అప్పటికి ఆయన వయసు 42. నాలుగేళ్ల కిందట, 1920లో, డెమొక్రాటిక్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడారు. మరుసటి ఏడాది ఆగస్టులో కెనడాలోని కాంపోబెల్లో దీవిలో సెలవులు గడుపుతుండగా జ్వరం తగిలింది. రోజుల వ్యవధిలోనే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పోలియో అని తేల్చారు. (ఆయన లక్షణాలు పోలియోకంటే గిలాన్-బారే సిండ్రోమ్‌కే ఎక్కువ సరిపోతాయని 2003లో కొందరు పరిశోధకులు వాదించారు. ఆ చర్చ ఇంకా తెగలేదు.) ఆ తర్వాత మూడేళ్లు చెయ్యని ప్రయత్నం లేదు. మర్దనా అయింది, దీపాల వేడి అయింది, ఉక్కు కాలిపర్లు కట్టుకుని చంకకర్రలతో ఇంటిముందు బాటలో నడిచే సాధన అయింది. ఇంతలో జార్జ్ ఫాస్టర్ పీబాడీ అనే బ్యాంకరు ఒక కబురు చెప్పారు. వార్మ్ స్ప్రింగ్స్ ఆస్తి ఆయనదే. పోలియో సోకిన ఒక కుర్రాడు అక్కడి నీళ్లలో ఈదీ ఈదీ మళ్లీ నడవగలుగుతున్నాడన్నది ఆ కబురు.

కొలనులోకి దిగిన రూజ్‌వెల్ట్‌కు మొదటి రోజుల్లోనే తేడా తెలిసింది. ఒడ్డున ఆసరా లేకుండా నిలబడలేని మనిషి భుజాల లోతు నీళ్లలో తనంతట తాను నిలబడ్డారు, అడుగులు వేశారు. ఆయన అక్కడ ఉండగానే అట్లాంటా జర్నల్ పత్రిక విలేఖరి వచ్చి పెద్ద కథనం రాశాడు. దేశంలోని ఎన్నో పత్రికలు దాన్ని మళ్లీ అచ్చువేశాయి. 1925 వసంతంలో రూజ్‌వెల్ట్ రెండోసారి వచ్చేసరికి పోలియో రోగులు చెప్పాపెట్టకుండా రైళ్లలో దిగడం మొదలైంది. ఫ్రెడ్ బాట్స్ అనే పెన్సిల్వేనియా యువకుడు సామాన్ల బోగీలో ప్రయాణించి వచ్చాడు. తర్వాతి కాలంలో అతనే అక్కడ రిజిస్ట్రారయ్యాడు.

వీళ్లను చూసి హోటల్లోని మిగతా అతిథులు బెదిరారు. జబ్బు అంటుకుంటుందని భయం. ఒకే గదిలో భోంచెయ్యం అన్నారు, ఒకే కొలనులో దిగం అన్నారు. రోగులకు వేరే భోజనశాల, వేరే కొలను ఏర్పాటు చెయ్యాల్సివచ్చింది. డాక్టరు లేరు, నర్సు లేదు. తన కాళ్లమీద తాను నేర్చుకున్న కసరత్తుల్నే రూజ్‌వెల్ట్ వాళ్లచేత నీళ్లలో చేయించారు. తనను తాను డాక్టర్ రూజ్‌వెల్ట్ అని పిలుచుకున్నారు.

1926లో ఆయన ఆ ఆస్తినంతా కొనేశారు. సుమారు రెండు లక్షల డాలర్లు. తన సొంత సొమ్ములో మూడింట రెండువంతులు అందులోకే పోయింది. భార్య ఎలినార్ కంగారుపడ్డారు, మిత్రులు వద్దన్నారు. వ్యాపారంగా చూస్తే వాళ్ల మాటే నిజం. అయినా ఆ ఏడాదే ఆయన చేసిన మరో పని వల్ల వార్మ్ స్ప్రింగ్స్ ఒక అద్భుతాల ఊటగా మిగిలిపోకుండా వైద్యశాలగా మారింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ నుంచి లెరాయ్ హబ్బర్డ్ అనే ఎముకల వైద్యుణ్ణి, హెలెనా మహోనీ అనే ఫిజియోథెరపిస్టును పిలిపించి, వచ్చిన ప్రతి రోగి కండరాలనూ కొలిపించారు. చికిత్సకు ముందు ఒక లెక్క, తర్వాత ఒక లెక్క. 1927లో జార్జియా వార్మ్ స్ప్రింగ్స్ ఫౌండేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది, చలికాలంలోనూ పని ఆగకుండా కొలనుకు అద్దాల కప్పు వెయ్యడానికి ఫోర్డ్ కార్ల కంపెనీకి చెందిన ఎడ్సెల్ ఫోర్డ్ 25,000 డాలర్లు ఇచ్చారు.

కొలవడం గురించి ఎందుకింతగా చెప్పాల్సివస్తోందంటే, నీటివైద్యం అప్పటికే వందేళ్లుగా కొలత లేకుండా నడిచింది. 1820ల నుంచి మధ్య ఐరోపాలోని గ్రాఫెన్‌బెర్గ్‌లో విన్సెంజ్ ప్రీస్నిట్జ్ అనే రైతు చన్నీటి చికిత్సకు ఐరోపా అంతటా పేరు తెచ్చాడు. బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అనే క్రైస్తవ ఫాదర్ 1886లో అచ్చువేసిన నీటివైద్యం పుస్తకం ఇంటింటికీ చేరింది. లైప్జిగ్‌లో లూయీ కూనే తొట్టిస్నానాలు చెప్పాడు. ఈ కూనే మనకు దగ్గరివాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. మన దేశంలో ప్రకృతివైద్యానికి తొలి అడుగు తెలుగు పుస్తకంతో పడిందని చెప్పుకుంటారు. గాంధీజీ కూడా కూనే తొట్టిస్నానాలను తనమీదా, ఇంట్లోవాళ్లమీదా ప్రయోగించారు. వీళ్లలో చిత్తశుద్ధి లేదనడానికి లేదు. అయితే ఒంట్లోని మలినాన్ని నీరు కడిగేస్తుందనీ, ఏ జబ్బుకైనా అదే మందనీ వాళ్లు నమ్మారు. ఏ రోగికి, ఏ కండరానికి, ఎంత మేలు అన్న ప్రశ్న వెయ్యలేదు.

ఆ ప్రశ్న వేసినవారు బోస్టన్‌లో రాబర్ట్ లవెట్. రూజ్‌వెల్ట్‌ది పోలియో అని 1921లో నిర్ధారించిన వైద్యుడు ఆయనే. తన దగ్గర పనిచేసిన విల్హెల్మిన్ రైట్‌తో కలిసి పోలియో పిల్లల కండరాలకు గ్రేడులు ఇచ్చే పద్ధతిని తయారుచేశారు. ఆ పద్ధతికి ఆధారం భూమ్యాకర్షణ. కాలు తన బరువును తానే పైకెత్తగలిగితే ఆ కండరం ఫర్వాలేదు. పైకెత్తలేదు కానీ, బరువు పడకుండా బల్లమీద పక్కకు జరపమంటే జరపగలిగితే బలహీనం. కదలిక లేదు కానీ వేలు ఆనిస్తే లోపల చిన్న బిగువు తగిలితే దాన్ని జాడ అన్నారు. ఈ రోజుకీ ఫిజియోథెరపీ విద్యార్థులు మొదటి ఏడాది నేర్చుకునే సున్నా నుంచి ఐదు దాకా మార్కుల పద్ధతికి మూలం ఇదే.

నీటి మహిమ ఏదైనా ఉంటే అది సరిగ్గా ఇక్కడుంది. పోలియో వైరస్ కండరాన్ని తినదు. దానికి ఆజ్ఞలిచ్చే వెన్నుపాములోని నాడీకణాలను చంపుతుంది. కొన్ని చస్తాయి, కొన్ని బతుకుతాయి. బతికినవి కొత్త కొమ్మలు వేసి, దిక్కులేని కండరపు పోగుల్ని కొన్నింటిని తమ కిందికి తెచ్చుకుంటాయి. అలా మిగిలిన కొద్దిపాటి బలానికి కాలి బరువే మోయలేని భారం. ఒడ్డున అది చచ్చిన కాలు. మెడలోతు నీళ్లలోకి దిగితే మనిషి బరువులో దాదాపు పదోవంతే పాదాలమీద పడుతుంది. 70 కిలోల మనిషి 7 కిలోలవుతాడు. అప్పుడు బలహీనం అని రాసిన కండరం కూడా పనిచేసి చూపిస్తుంది. కదిలే కండరాన్నే పెంచగలం. కదలనిదాన్ని పెంచలేం.

ఆ కొలనులో పని ఎలా జరిగేదో ఒకసారి దగ్గరగా చూద్దాం. నీళ్లలో కాస్త లోతున చెక్కబల్ల బిగించి ఉంటుంది. రోగిని తోపుడుబండి మీద తెచ్చి, చేతులమీద ఎత్తి దానిమీద పడుకోబెడతారు. ముఖం నీటికి పైన, ఒళ్లంతా నీటిలో. ఫిజియోథెరపిస్టు నడుంలోతు నీళ్లలో పక్కన నిలబడి ఒక చెయ్యి తుంటిమీద ఉంచుతుంది, రెండో చెయ్యి మడమ కింద. ముందు తానే కాలును నెమ్మదిగా పక్కకు జరిపి, ఏ కండరం ఆ పని చెయ్యాలో వేలితో తాకి చూపిస్తుంది. తర్వాత రోగి వంతు. ఆ ఒక్క కండరమే కదలాలి. పక్కనున్న బలమైన కండరం దొంగసాయం చేస్తే తుంటిమీది చేతికి వెంటనే తెలుస్తుంది. ఆపి, మళ్లీ మొదటి నుంచి. నాలుగుసార్లు సరిగా చేస్తే చాలు, అలసిన కండరంతో పదోసారి చేయించకూడదు. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఒడ్డున నడక సాధన. ఇది నెలల తరబడి సాగేది. మా నీళ్లలో దిగితే చాలు అన్న పాత ప్రకటనలకూ దీనికీ పోలికే లేదు.

ఊటలో ఖనిజాలున్న మాట నిజమే. కానీ ఆ ఖనిజాలే నయం చేశాయనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. అదే కాలంలో లాస్ ఏంజెలిస్‌లో చార్లెస్ లోమన్ అనే వైద్యుడు తన ఆర్థోపెడిక్ ఆస్పత్రి ఆవరణలోని కలువల కొలనునే చికిత్స కొలనులుగా మార్చి, పోలియో పిల్లలకు ఇవే కసరత్తులు చేయించారు. మామూలు నీళ్లలోనూ ఫలితం కనిపించింది. 1937లో నీటి వ్యాయామాల మీద ఆయన పుస్తకమే రాశారు. అంటే వార్మ్ స్ప్రింగ్స్ చేసిన మేలును ఎక్కడైనా చెయ్యొచ్చు. వేడి, లోతు, తెలిసిన చెయ్యి ఉంటే చాలు.

మరి రూజ్‌వెల్ట్ నడిచారా? లేదు. నీళ్లలో నడిచారు, తుంటి కండరాలు కొంత బలపడ్డాయి. ఒడ్డున కాలిపర్లు, చేతికర్ర, పక్కన ఒకరి ఆసరా లేకుండా ఆయన చివరిదాకా నాలుగడుగులు వెయ్యలేకపోయారు. కానీ 1928లో న్యూయార్క్ గవర్నరుగా, 1932లో అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. చికిత్స అనే మాటకు అర్థం ఆ కొలను దగ్గర మారింది. జబ్బు పోకపోయినా మనిషి మళ్లీ పనిలోకి రావచ్చని ఆ ఊళ్లో వందలమంది నేర్చుకున్నారు. అక్కడ చక్రాల కుర్చీని ఎవరూ వింతగా చూడలేదు. ఆవరణంతా వాలుబాటలు ఉన్నాయి. చక్రాల కుర్చీల్లోనే నాటకాలాడారు, పేకాటలాడారు, ప్రేమించి పెళ్లిళ్లు చేసుకున్నారు. నయమైన కండరాలకంటే ఇదే పెద్ద ఫలితమనిపిస్తుంది నాకు.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. నల్లజాతివాళ్లు అక్కడ వంటవాళ్లుగా, పనివాళ్లుగా ఉన్నారు, రోగులుగా మాత్రం వాళ్లను చేర్చుకోలేదు. నల్లపిల్లలకు పోలియో అంతగా రాదనే అబద్ధం వైద్యుల్లోనే చలామణి అయింది. విమర్శలు పెరిగాక, 1941లో అలబామాలోని టస్కీగీలో వాళ్లకోసం విడిగా ఒక పోలియో కేంద్రం తెరిచారు. దానికి డబ్బిచ్చింది రూజ్‌వెల్ట్ 1938లో స్థాపించిన పోలియో సంస్థే. మార్చ్ ఆఫ్ డైమ్స్ పేరుతో పదేసి సెంట్ల నాణేలు పోగుచేసిన ఆ సంస్థే జోనాస్ సాల్క్ పోలియో టీకా పరిశోధనకూ డబ్బిచ్చింది. రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లోని తన చిన్న ఇంట్లోనే మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. సరిగ్గా పదేళ్లకు, 1955 ఏప్రిల్ 12న, సాల్క్ టీకా పనిచేస్తుందని ప్రకటించారు.

టీకా వచ్చాక పోలియో కొలనులకు పని తగ్గింది. ఆ విద్య మాత్రం వేరే జబ్బులకు అక్కరకొచ్చింది. లండన్‌లో జేమ్స్ మెక్‌మిలన్ 1949లో మొదలుపెట్టిన హాలివిక్ పద్ధతి సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు నీళ్లలో నిలకడ నేర్పింది. స్విట్జర్లాండ్‌లోని బాడ్ రాగాజ్ పద్ధతిలో రోగి ఒంటికి గాలి రింగులు తగిలించి తేలుస్తూ వ్యాయామం చేయిస్తారు. ఇవాళ్టి చికిత్స కొలనుల్లో నీళ్లు సాధారణంగా 33 డిగ్రీలకు పైనే ఉంటాయి. ఆ వెచ్చదనానికి బిగిసిన కండరాలు సడలుతాయి. కాళ్ల చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి రక్తాన్ని గుండెవైపు నెడుతుంది, పాదాల వాపు తగ్గుతుంది. నీళ్లలో ఎంత వేగంగా కదిలితే అంత ఎదురుబలం, ఆపితే అదీ ఆగిపోతుంది. అందుకే అరిగిన మోకాలికి దెబ్బ తగలకుండానే వ్యాయామం అందుతుంది. మోకాలు, తుంటి అరుగుదల ఉన్న 1,190 మందిపై జరిగిన 13 పరిశోధనలను కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 2016లో బేరీజు వేసింది. నీటి వ్యాయామం ముగిసేనాటికి నొప్పి, అశక్తత కొద్దిగా తగ్గాయని తేల్చింది. కొద్దిగా అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. ఇది అద్భుతం కాదు, మేలు. నేలమీద నడవలేనివాళ్లకు ఆ కొద్దిపాటి మేలే మొదటి మెట్టు.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మెడలోతు నీళ్లలో దిగకూడదు. నీటి ఒత్తిడితో గుండెమీద పని పెరుగుతుంది. మానని పుళ్లు, జ్వరం, అదుపులో లేని మూర్ఛ ఉన్నవాళ్లూ అంతే.

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. చుక్కల మందు ఇంటింటికీ రాకముందు పుట్టి ఈ జబ్బుపడ్డ మన తెలుగువాళ్లు ఎందరో ఇప్పుడు నడివయసులోనో, ఆపైనో ఉన్నారు. చంకకర్రలమీద ఒక జీవితమంతా నడిచి భుజాలు అరగదీసుకున్నవాళ్లు. ఎన్నో ఏళ్లు బాగానే ఉన్న కండరాలు మళ్లీ నీరసించడం, కొద్దిపనికే అలసట, కీళ్లనొప్పులు వీళ్లలో కొందరికి మొదలవుతాయి. దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. వయసు మీదపడిందని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి. అలసిపోనంత మేరకు వెచ్చని నీళ్లలో చేసే వ్యాయామం వీళ్లకు సూచించే చికిత్సల్లో ఒకటి.

దానికి పెద్ద ఆస్పత్రే అక్కర్లేదు. ఊళ్లలో ఈత కొలనులు కట్టేటప్పుడు ఒక పక్కన ఛాతీలోతు అర, అందులోకి చక్రాల కుర్చీ దిగే వాలుబాట, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ, నీళ్లు వేడిచేసే ఏర్పాటు, వారానికి కొన్ని గంటలు ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే చాలు. పోలియో వచ్చినవాళ్లతోపాటు మోకాళ్లనొప్పుల అమ్మమ్మలు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న తాతయ్యలు కూడా దిగుతారు. మీ పట్టణంలో కొత్త ఈత కొలనుకు ప్లాను గీస్తున్నారని తెలిస్తే, శంకుస్థాపన కాకముందే వెళ్లి ఆ వాలుబాట అడగండి.