అటక మీద సర్వరు

సర్వరు అన్న మాటకు మా రాజోలు వైపు చాలాకాలం ఒకటే అర్థం. భుజాన తువ్వాలేసుకుని వచ్చి, పెసరట్టులో ఉప్మా ఉండాలా వద్దా అని అడిగే మనిషి. అంచేత ఇంట్లో సర్వరు పెట్టానని నేను చెప్పినప్పుడు మా మావయ్యగారు "జీతం ఎంతరా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

జీతం లేదు. కరెంటు కూడా పది వాట్లకు మించి తినదు. ఆవకాయ జాడీల పక్కన, అటక మీద కూర్చున్న ఆ అరచేతి పెట్టె పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పాలని బ్రిటన్‌లో తలపెట్టి, 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. 2016లో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు దానిలో మా ఇంటి ఫొటోలను కాపలా కాస్తోంది. కివిక్స్ ద్వారా దింపుకున్న తెలుగు వికీపీడియా ప్రతి కూడా అందులోనే ఉంది.

ఊరికే దొరికే చోటుండగా ఈ తాపత్రయం ఎందుకని అడిగేవారికి చరిత్రలోనే జవాబుంది. ఉచితంగా సొంత పేజీలు ఇచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. అద్దె లేకుండా ఉంటున్నవాడు ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఏ కాగితం చూపిస్తాడు?

ఇక చిరునామాల సంగతి. పాత పద్ధతిలో అంతర్జాలానికి ఉన్న అంకెల చిరునామాలు సుమారు 430 కోట్లే. అవి చాలవని ముందే గ్రహించి, 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో కొన్నిటిని ఇంటి లోపలి వాడకానికే కేటాయించారు. మన రౌటర్లలో 192.168తో మొదలయ్యేవి అవే. ఇవి ఇంటిపేర్లు కావు, ముద్దుపేర్లు. గుమ్మం దాటితే ఎవరికీ తెలియవు. మా ఇంటికి సిమ్ము వేసిన రౌటరే దిక్కు. ఆ కంపెనీ కూడా బోలెడుమందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తుంది. కాబట్టి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి మా పెట్టె తలుపు తట్టాలంటే చుట్టుతోవ వెయ్యక తప్పలేదు.

ఈ ఏర్పాటు విలువ 2022 మే నెలలో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దాని పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇంటికి నిప్పుపెట్టారు. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అది పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

రౌటరు దీపాలు వెలుగుతున్నాయి, లోకం మాత్రం లేదు. అయినా ఇంట్లో వైఫై ఇంట్లోనే పనిచేసింది. పిల్లలు వికీపీడియా చదువుకున్నారు. మా అమ్మ పోయిన మనుషుల ఫొటోలు చూసుకుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ డెల్టాకు కాలువే ప్రాణం. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారని తెలిసినవాళ్ళు ముందుగానే చెరువు నింపుకుంటారు. నేను చేసింది అంతే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అయితే చెరువు కాలువ కాదు. అమలాపురంలో ఉన్న మా పిన్ని క్షేమంగా ఉందో లేదో ఆ పెట్టె ఒక్క ముక్క చెప్పలేకపోయింది. చుట్టుతోవ కూడా మూసుకుపోవడంతో అబ్బాయికి మా ఫొటోలు అందలేదు. ఉన్నదాన్ని దాచుకోవచ్చు గాని, రావలసిన కబురును ఎవరు మాత్రం నిలవ చేసుకోగలరు?

అంత గడ్డుకాలం గట్టెక్కిన సర్వరు, ఆ తర్వాత అట్లపిండికి ఓడిపోయింది. గ్రైండరు కోసం మా ఆవిడ ప్లగ్గు పీకేసింది. హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోవడం ఈ పెట్టెలకు తెలిసిన జబ్బే. మూడు నెలల ఫొటోలు పోయాయి. వాటిలో మావయ్యగారి ఆఖరి పుట్టినరోజు కూడా ఉంది.

ఇప్పుడు రెండో ప్రతి హైదరాబాదులో అబ్బాయి దగ్గర ఉంది. ప్లగ్గు మీద "తియ్యవద్దు" అని చీటీ అంటించాను. గ్రైండరుకు వేరే ప్లగ్గు పెట్టించాను. చీటీ కన్నా అదే బాగా పనిచేస్తోంది.