రిజర్వు సైనికుల కొనసాగింపు బోనస్ (అమెరికా)

రిజర్వు సైనికుల కొనసాగింపు బోనస్ అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల రిజర్వు దళాలలోను, నేషనల్ గార్డులోను పనిచేస్తున్నవారు ఒప్పంద కాలం ముగిసిన తరువాత కూడా సేవలో కొనసాగేందుకు ప్రభుత్వం జీతానికి అదనంగా చెల్లించే సొమ్ము. మరికొన్ని సంవత్సరాలు పనిచేస్తామని వ్రాతపూర్వకంగా అంగీకరించిన వారికే ఇది లభిస్తుంది. గడువుకు ముందే వైదొలగితే, సాధారణంగా మిగిలిన కాలానికి చెందిన సొమ్మును తిరిగి చెల్లించాలి.

నేపథ్యం

అమెరికాలో 1973లో నిర్బంధ సైనిక సేవ ముగిసింది. అప్పటినుండి సైన్యంలో కొత్తగా చేరుతున్నవారందరూ స్వచ్ఛందంగా చేరినవారే. రిజర్వు సైనికులు సాంప్రదాయికంగా నెలకు ఒక వారాంతం, సంవత్సరానికి రెండు వారాలు శిక్షణకు హాజరవుతారు. మిగిలిన రోజులలో ఉద్యోగం, వ్యాపారం లేదా చదువు చూసుకుంటారు. యుద్ధం వచ్చినపుడు పిలుపు అందుకొని నెలల తరబడి విధులలో ఉంటారు. ఇటువంటి విభాగాలు మొత్తం ఏడు ఉన్నాయి.

నడిమి కాలపు ప్రాధాన్యత

రిజర్వు సైనికులు పింఛనుకు అర్హత పొందాలంటే 20 సంవత్సరాల సేవ ఉండాలి. ఏ సంవత్సరమైనా లెక్కలోనికి రావాలంటే అందులో కనీసం 50 పాయింట్లు సంపాదించాలి. పింఛను సాధారణంగా 60వ ఏట మొదలవుతుంది. పదహారేళ్ళు పనిచేసినవారు మిగిలిన నాలుగేళ్ళు పింఛను కొరకైనా ఉంటారు. ఎనిమిది, పదేళ్ళు పనిచేసినవారి పరిస్థితి వేరు. వీరికి పింఛను దూరంగా ఉంటుంది, సంసార బాధ్యతలు, బయటి ఉద్యోగపు ఒత్తిడి మాత్రం పెరుగుతాయి. అనుభవం గల ఒక సార్జెంటు వెళ్ళిపోతే ఆ స్థానాన్ని అప్పుడే చేరినవారితో నింపడం సాధ్యం కాదు. ఆ అనుభవానికి మళ్ళీ అన్నేళ్ళూ పడుతుంది. అందువలన ఈ దశలోని వారిని నిలుపుకొనుటకు బోనసు ముఖ్య సాధనమైనది.

చరిత్ర

2001 తరువాత ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ యుద్ధాలకు నేషనల్ గార్డు దళాలను పెద్దయెత్తున పంపించారు. కొత్తగా చేరేవారి సంఖ్య లక్ష్యం కంటే తగ్గింది. 2004 డిసెంబరులో ఆర్మీ నేషనల్ గార్డు తన కొనసాగింపు బోనసును 5,000 డాలర్ల నుండి 15,000 డాలర్లకు పెంచింది. బోనసుపై ఆదాయపు పన్ను ఉంటుంది, కాని యుద్ధరంగంలో ఉండగా ఒప్పందంపై సంతకం చేసిన సిపాయిలకు ఆ పన్ను లేదు.

2018 జనవరి 1న అమలులోకి వచ్చిన మిశ్రమ పదవీ విరమణ విధానంలో పింఛను లెక్కించే గుణకాన్ని సంవత్సరానికి 2.5 శాతం నుండి 2 శాతానికి తగ్గించారు. ఆ లోటుకు బదులుగా పొదుపు ఖాతాలో ప్రభుత్వ వాటా, సేవ మధ్యలో ఒకసారి ఇచ్చే కొనసాగింపు చెల్లింపు చేర్చారు. మొదటి నిబంధనల ప్రకారం ఇది 8 నుండి 12 సంవత్సరాల సేవ మధ్య లభించేది. పూర్తికాల సైనికులకు దీని కనీస మొత్తం రెండున్నర నెలల మూల వేతనం కాగా, రిజర్వు వారికి పూర్తికాల లెక్కన అర నెల మూల వేతనం. దీనిని తీసుకొన్నవారు కనీసం మరి మూడు సంవత్సరాలు సేవ చేయాలి.

కాలిఫోర్నియా వివాదం

యుద్ధకాలంలో బోనసు అందరికీ వర్తించేది కాదు. కొరత ఉన్న పనులలోని వారికి, నిర్ణీత షరతులకు లోబడినవారికి మాత్రమే దానికి అర్హత ఉండేది. కాలిఫోర్నియా నేషనల్ గార్డులో లక్ష్యాలను చేరుకొనే ఒత్తిడిలో అర్హత లేనివారికి, సరైన పత్రాలు లేనివారికి కూడా బోనసులు మంజూరయ్యాయి. మంజూరు వ్యవహారాలు చూసిన ఒక మాస్టర్ సార్జెంటు 2011లో నేరం అంగీకరించగా, ఆమెకు 30 నెలల జైలుశిక్ష పడింది.

తనిఖీల తరువాత సుమారు 9,700 మంది సొమ్ము తిరిగి చెల్లించవలసినదిగా ఆదేశాలు వెలువడినట్లు 2016 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక వెల్లడించింది. వీరిలో చాలామంది ఒప్పందం ప్రకారం యుద్ధానికి వెళ్ళి వచ్చినవారే. సేవ పూర్తయింది, సొమ్ము ఖర్చయింది, తప్పు కార్యాలయానిది. అయినా అప్పు సైనికుల పేరిట నిలిచింది. దేశమంతటా నిరసన వ్యక్తం కాగా, రక్షణ మంత్రి ఆష్ కార్టర్ అక్టోబరు 26న వసూళ్ళను నిలిపివేశారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం, తమకు అర్హత లేదని తెలియని, తెలుసుకొనే అవకాశం లేని సైనికుల బాకీలను రద్దు చేయడానికి వీలు కల్పించింది.