షిప్‌యార్డు ఫిట్టరు పాట

2009లో ‘మగధీర’ వచ్చాక మా ఇంట్లో పిల్లలు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అంటూ గెంతేవారు, సినిమావాళ్ళు కట్టిన పాటే అనుకుని. నేను సరిదిద్దలేదు. విశాఖలో ఇన్నేళ్ళుండి! ఇప్పటికీ సిగ్గే.

అది వంగపండు ప్రసాదరావు పాట. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, ఇక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలి కట్టారు. మండలి అనగానే గద్దర్ పేరే ముందొస్తుంది. నేటి రాప్ గుంపుల్లోనూ ఇంతే కదా, ఒక గొంతు చాటున ఇంకో గొంతు. వంగపండుని విడిగా నిలబెట్టింది, నాకు తోచినంతలో, ఆయన యాస. ఉత్తరాంధ్ర మాటని ఇస్త్రీ చెయ్యకుండా అలాగే పాడేశారు. దానికి తోడు జముకు. ఒకవైపు తోలు, దాని మధ్యలోంచి తీగ. లాగి మీటుతుంటే మాటా దరువూ ఒకదాన్నొకటి తరుముతాయి. శ్రీకాకుళం ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పింది కూడా దాంతోనే.

ఆర్. నారాయణమూర్తి 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ తీసి ఈ పాటని తెరకెక్కించారు. ‘మగధీర’ తీసుకున్నది దీని పల్లవినే.

2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, పార్వతీపురంలో ఆయన పోయారు. ఆ సాయంత్రం పిల్లలకి ఫోన్ చేసి, ఆ పాటెవరిదో చెప్పాను.