దుర్భరము – ‘అన్‌బేరబ్లీ’

ఎండ మితిమీరినప్పుడు మనము ‘దుర్భరముగా నున్నది’ అందుము. ఆంగ్లేయులు ఆ చోట ‘అన్‌బేరబ్లీ’ అను క్రియావిశేషణమును వాడుదురు. ఈ రెండు మాటలకును ప్రాచీనమైన చుట్టరికము కలదు.

ఆంగ్లపదమున నాలుగు ముక్కలున్నవి. ‘అన్’, ‘బేర్’, ‘లీ’ అను మూడును ప్రాచీనాంగ్లమునకు చెందినవి. ‘ఏబుల్’ మాత్రము, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, ఫ్రెంచి భాష వెంట వచ్చినది. గెలిచినవారి మాట ఓడినవారి మాటతో ఇట్లు కలిసిపోయినది.

‘బేర్’ అనగా మోయుట. సంస్కృతమున ‘భృ’ ధాతువు, లాటినున ‘ఫెర్రె’ దీని తోబుట్టువులు. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల మూల మొక్కటే యని 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో చాటెను; ఆంగ్లమును ఆ కుటుంబములోనిదే. తెలుగు వేరు కుటుంబపు భాషయైనను ‘భారము’, ‘దుర్భరము’ అను మాటలను సంస్కృతము నుండి గైకొన్నది. లాటిను శాఖ నుండి ‘ఇన్‌సఫరబ్లీ’ పుట్టినది.

వాడుకలో భేదము కలదు. నొప్పికి, దుఃఖమునకు ‘అన్‌బేరబ్లీ’ తగును. డాంబికుని అహంకారమునకు ‘ఇన్‌సఫరబ్లీ’ చెల్లును. అన్యాయమునకు ‘ఇన్‌టాలరబ్లీ’ ఒప్పును. 1774లో బ్రిటిషు పార్లమెంటు బోస్టను రేవును మూయించుట మొదలగు శాసనములు చేసెను. అమెరికా చరిత్రకారులు వానికి ‘ఇన్‌టాలరబుల్’ శాసనములని పేరిడిరి. మరుసటి యేడే యుద్ధము మొదలైనది.

ఈ మాటలన్నియు ‘ఇక మోయలేము’ అను మొరలే. కాఫీ చల్లారినందుకే వీనిని వెచ్చించినచో, నిజముగా బరువు మోయువాని మొర మన చెవి కెక్కదు.